కర్ణాటకలోని కుమారపర్వతం ట్రెక్ ప్యాకేజీకి డబ్బులు కట్టబోతున్నారా? తిరుపతోళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

ముందే చెప్పేస్తా, పేరు రాయడం లేదు, ఎందుకంటే కంప్లైంట్ వేస్తున్నా, అది తేలేదాకా ఊరికే పేరు పెట్టి ఇంకో తలనొప్పి తెచ్చుకోను. తిరుపతిలో వీకెండ్ ట్రెక్కులు అమ్మే ఒక ఆపరేటర్ అనుకోండి చాలు. ఇన్‌స్టాలో రీల్స్ బాగుంటాయి, డ్రోన్ షాట్లు, మబ్బులు, వెనక ఫ్లూట్ మ్యూజిక్కు. ఆ రీల్ చూసే నేనూ పడిపోయినా.

జనవరిలో మా బామ్మర్ది వాళ్ల ఆఫీసుకి మూడు రోజులు సెలవు వచ్చింది. "బావా, ఎప్పుడూ తుంబురు తీర్థం, తలకోన, నాగలాపురం ఇవేనా, ఈసారి ఒక పెద్ద కొండ ఎక్కుదాం" అన్నాడు. సరే అని ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే అవతల మనిషి ఎంత తీయగా మాట్లాడినాడంటే, "సార్ మీరు అలిపిరి మెట్లు ఎక్కినారా?" అన్నాడు. ఏడాదికి రెండుసార్లు ఎక్కుతాం అన్నా. "ఇంకేం సార్, 3550 మెట్లు ఎక్కినోళ్లకి కుమారపర్వతం ఒక లెక్కా, బిగినర్స్ కూడా ఎక్కేస్తారు. ఇక్కడ శేషాచలం, అక్కడ శేషపర్వతం, అంతా మన స్వామి కొండలే" అన్నాడు. ఆ డైలాగుకి మా అత్తగారు కూడా ఫ్లాట్.

ఇక్కడే మొదటి మోసం. ఇంటికొచ్చినాక తీరిగ్గా లెక్క చూసుకున్నా, పోయేముందు చూసుకోవాల్సింది. తిరుపతి నుంచి తిరుమలకి మనం ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు, అదీ 9 కిలోమీటర్ల దారిలో, మెట్లు, పైన షెడ్డు, అడుగడుక్కీ నీళ్లు, గాలిగోపురం దగ్గర టిఫిను, మోకాళ్ల మెట్టు దగ్గర కాస్త ఏడుపు, అంతే. కుమారపర్వతం శిఖరం 1712 మీటర్లు. ఎక్కుడు మొదలయ్యే కుక్కే సుబ్రహ్మణ్య ఊరు సముద్రమట్టానికి నూట చిల్లర మీటర్ల ఎత్తులోనే ఉంటది. అంటే ఒక్క వైపే 1600 మీటర్ల దాకా ఎక్కుడు, దూరం దాదాపు 13 కిలోమీటర్లు, మెట్టు అనేది లేదు, సగం దారి తర్వాత చెట్టు నీడ కూడా పెద్దగా లేదు. రెండు తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మెట్లన్నీ పీకేసి, రేకులు కూడా తీసేసినట్టు ఊహించుకోండి. దక్షిణాదిలో కష్టమైన ట్రెక్కుల్లో దీన్ని ముందు చెప్తారు. దీన్ని వాడు "ఈజీ టు మోడరేట్" అని అమ్మినాడు.

మనిషికి 5,200. అందులో టెంపో ట్రావెలర్, ఫారెస్ట్ పర్మిట్, అనుభవం ఉన్న గైడు, షూస్ రెంటుకి, ఫస్ట్ ఎయిడ్, దారి మధ్యలో భట్టర మనె అనే ఇంట్లో భోజనం, రాత్రికి హోమ్‌స్టే అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ 10,400 ఫోన్‌పే కొట్టినా. పేరు చూస్తే సంస్థ పేరు కాదు, ఎవరిదో ఆడమనిషి పేరు వచ్చింది. "అది మా అక్క అకౌంటు సార్" అన్నాడు. అక్కడే ఆగాల్సింది నేను. ఆగలా.

శుక్రవారం సాయంత్రం 5కి లీలామహల్ సర్కిల్ దగ్గర ఎక్కించుకున్నారు. మొత్తం పదకొండు మందిమి. బండి చిత్తూరు, పలమనేరు దాటి బెంగళూరు, అక్కణ్ణుంచి హాసన్ మీదుగా ఘాట్ దిగి తెల్లారి 6కి కుక్కేలో దించింది. డ్రైవరన్న మాత్రం బంగారం, ఆయన మీద ఒక్క మాట కూడా అనను.

దిగినాక గైడు ఒక గోనెసంచి బోర్లించి "మీ సైజు వెతుక్కోండన్నా" అన్నాడు. అవే రెంటల్ షూస్. నాకు దొరికిన జతలో ఎడమ కాలిది సోలుకీ పైభాగానికీ మధ్యలో తెల్లగా ఎండిపోయిన గమ్ము గీత కనిపిస్తా ఉంది, వేలితో నొక్కితే నోరు తెరిచినట్టు విడిపోయి మళ్లీ మూసుకుంటా ఉంది. చూపిస్తే "అది డిజైన్ అన్నా" అన్నాడు. ఒట్టు, అదే మాట అన్నాడు. గైడంటే తిరుపతిలోనే డిగ్రీ చదివే పిల్లోడు, మంచోడే పాపం, దారిలో మాటల్లో బయటపడింది ఏందంటే వాడు ఇదివరకు ఒక్కసారే వచ్చినాడంట, అదీ పైదాకా పోలేదంట.

ఇప్పుడు అసలు విషయం. కుక్కే వైపు నుంచి ఎక్కితే మొదట ఐదారు కిలోమీటర్లు దట్టమైన అడివి, వేర్లు, రాళ్లు, చెమట. ఆ అడివి దాటినాక గిరిగద్దె, అక్కడే భట్టర మనె. ఫారెస్టోళ్ల చెక్‌పోస్టు కూడా ఆ దగ్గర్లోనే. అంటే పర్మిట్ చూసేది ఐదారు కిలోమీటర్లు ఎక్కినాక. ఈ శిఖరం ఉండేది పుష్పగిరి అభయారణ్యంలో. ఏనుగులు తిరిగే చోటు, ఎవరు పడితే వాళ్లు పోవడానికి లేదు. 2024 జనవరిలో సెలవు రోజుల్లో వేలమంది ఎగబడిన వీడియోలు మీరూ చూసే ఉంటారు, ఆ తర్వాత కర్ణాటక అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి రోజుకి ఇంతమందే అని లెక్క కట్టింది. అరణ్య విహార అనే వాళ్ల వెబ్‌సైట్‌లో మన పేరు, మన గుర్తింపు కార్డు పెట్టి మనమే చేసుకోవచ్చు.

చెక్‌పోస్టుకి ఒక వంద అడుగుల ముందు గైడు అందర్నీ ఆపి జేబులోంచి మడతలు పడిన ప్రింటు తీసినాడు. మా బామ్మర్దిని చూసి "అన్నా, నువ్వు మంజునాథ్, గుర్తు పెట్టుకో. వయసు 41" అన్నాడు. వీడికి 29. "అదేందిరా, నా పేరు అది కాదు కదా" అంటే "అడిగితేనే చెప్పన్నా, అడగరు" అన్నాడు. పదకొండు మందిలో ఆరుగురికే సొంత పేర్ల మీద పర్మిట్ ఉంది, ఐదుగురికి ఎవరివో పేర్లు. ఎక్కణ్ణుంచి తెచ్చినారో ఆ దేవుడికే తెలియాల.

అడిగినారు. ఎందుకు అడగరు? ఆధార్ తియ్యమన్నారు. కుప్పంలో నాలుగేళ్లు ఉద్యోగం చేసినోణ్ణి, కన్నడ కొంచెం వచ్చు, నేనే పోయి బతిమాలినా. ఆ గార్డు కోప్పడలేదు, ప్రింటు మీద పేరు ఒకసారి, మా వాడి మొహం ఒకసారి చూసి నవ్వి పక్కన కూర్చోమన్నాడు. అంతే. 5,200 కట్టి, పదమూడు గంటలు బండిలో కూర్చుని, ఐదారు కిలోమీటర్లు ఎక్కి, మా బామ్మర్ది ట్రెక్ అక్కడితో అయిపోయింది. నా పర్మిట్ సరిగ్గా ఉంది కాబట్టి నన్ను వదిలినారు. "బావా నువ్వు పో, నేను ఇక్కడే సాంబారన్నం తిని పడుకుంటా" అన్నాడు. తర్వాత తెలిసింది, మా ఇద్దర్లో అదృష్టవంతుడు వాడేనని.

గిరిగద్దె దాటితే అంతా గడ్డి కొండలే. చూడటానికి ఎంత బాగుంటాయో ఎక్కడానికి అంత నరకం, ఒక గుట్ట ఎక్కితే అదే ఆఖరిది అనుకుంటాం, పైకి పోయి చూస్తే వెనక ఇంకోటి నిలబడి ఉంటది. పది దాటినాక ఎండ నెత్తిన దిగింది. వాళ్లు ఇచ్చింది మనిషికి లీటర్ బాటిల్ ఒకటి, "పైన వాగుంది" అన్నారు. కల్లు మంటపం, అంటే దారిలో ఉండే రాతి మంటపం, దాని దగ్గర నీళ్లు ఉన్నమాట నిజమే గానీ అక్కడికి చేరేలోపే సగం మంది బాటిళ్లు ఖాళీ. అది దాటి, అసలు శిఖరానికి ముందొచ్చే శేషపర్వతం వైపు నిటారుగా ఎక్కేటప్పుడు మా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి పిక్కలు పట్టేసినాయి, రెండుసార్లు వాంతి చేసుకుంది, చేతులు చల్లబడినాయి. ఫస్ట్ ఎయిడ్ తియ్యరా అంటే గైడు బ్యాగులోంచి వచ్చింది ఒక డోలో షీటు, అందులో మూడు మాత్రలు మిగిలినాయి. మిగతాది? "బండిలో ఉందన్నా." బండి పది కిలోమీటర్ల కింద ఉంది సామీ!

ఎవరో బెంగళూరు పిల్లలు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాళ్ల నీళ్లు ఇచ్చి, టోపీ పెట్టి, నీడ లేదని వాళ్ల రెయిన్‌కోటు లాంటి పోంచోని ఎండకి అడ్డంగా గంటసేపు పట్టుకుని నిలబడినారు. వాళ్ల పేర్లు కూడా అడగలా మేము. శేషపర్వతం ఎక్కినాక మళ్లీ దిగి, అడివిలో దూరి, తడిగా ఉండే బండ ఎక్కితేనే అసలు శిఖరం. ఆ అమ్మాయిని చూసి అందరం వెనక్కి తిరిగేద్దాం అన్నాం. గైడు మొహంలో సంతోషం చూడాల.

దిగేటప్పుడు నా ఎడమ షూ సోలు పూర్తిగా ఊడి చేతికొచ్చింది. టవల్ చింపి కట్టుకున్నా. ఆ ఏటవాలు గడ్డిలో జారే కాలితో దిగుతుంటే మోకాళ్లు రెండూ వణికినాయి, అలిపిరి మెట్లు దిగినప్పుడు కూడా అట్ల వణకలా. గిరిగద్దెకి నాలుగైంది. కింద అడివిలో దిగుతుండగానే చీకటి పడింది, టార్చి ఒక్కరి దగ్గరా లేదు, ఇస్తామన్న హెడ్‌ల్యాంపులూ లేవు, ఫోన్ లైట్లతో వేర్లు వెతుక్కుంటా కుక్కే చేరేసరికి ఏడున్నర. హోమ్‌స్టే సంగతి అడక్కండి, బండిలోనే పడుకున్నాం.

తిరిగొచ్చి రిఫండ్ అడిగితే ఆ ఆపరేటర్ మొదట "నేచర్ మన చేతిలో ఉండదు కదా సార్" అన్నాడు. ఆధార్‌లో మా వాడి పేరు మంజునాథ్ కాకపోవడం నేచరా? గట్టిగా అడిగితే "మీ బామ్మర్ది గారు భోజనం చేసినారు కదా సార్, సర్వీసు తీసుకున్నట్టే" అని మెసేజ్ పెట్టి బ్లాక్ చేసినాడు.

కాబట్టి కట్టేముందు మీ పేరు మీద, మీ కార్డు నంబరుతో, మీరు పోయే తేదీకి పర్మిట్ పీడీఎఫ్ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ తప్ప పైసా ఇవ్వకండి, "అక్కడ చూసుకుంటాం" అంటే ఫోన్ పెట్టేయండి. నిజానికి పర్మిట్ మీరే తీసుకుని, రైల్లో సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్ దాకా పోతే ఈ ప్యాకేజీ అవసరమే లేదు. నీళ్లు కనీసం మూడు లీటర్లు, ఓఆర్ఎస్, టోపీ, టార్చి, సొంత షూ. వానాకాలంలో ఎవడైనా అమ్మితే అసలు నమ్మొద్దు, అప్పుడు ట్రెక్ మూసేస్తారు, జలగలు వేరే.

ఇప్పటికే మోసపోయి ఉంటే 1915కి ఫోన్ చేయండి, అది కన్స్యూమర్ హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉండే ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు, రెండేళ్లలోపు వేయాలి. నేను హెల్ప్‌లైన్‌లో పెట్టినా, వచ్చే సోమవారం కమిషన్‌లో కూడా వేస్తున్నా. ఆ జనవరి బ్యాచ్‌లో ఉన్న మిగతా తొమ్మిది మందిలో ఎవరైనా ఇది చూస్తే ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్ డిలీట్ చేయకుండా పెట్టుకోండి, మెసేజ్ చేయండి, కలిసి వేద్దాం. ఎవరిదో పేరున్న ఆ ప్రింటు ఫోటో మా బామ్మర్ది తీసి పెట్టినాడు. ఊడిపోయిన సోలు నా దగ్గరే ఉంది, నేను కట్టిన షూ అద్దె డిపాజిట్ 500 కూడా ఆ ఆపరేటర్ దగ్గరే ఉంది కాబట్టి ఆ సోలు ఇప్పట్లో ఇచ్చేది లేదు.