ఖాతా లాకయిన రోజున చేతికొచ్చేది ఏది: ఫోన్ నంబరా, కాగితమా?

డీఎస్సీ నోటిఫికేషన్ పడినా, గ్రూప్స్ అప్లికేషన్లు మొదలైనా కడపలో మా నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లు ముందు అడిగేది ఫీజు సంగతి కాదు. "అన్నా, నా జీమెయిల్ ఓపెన్ కావడంల్యా, ఏమన్నా చేయి" అంటారు. ఆ వెంటనే ఇంకోటి: "మళ్లీ ఇట్ల కాకుండా ఏం పెట్టుకోవాల? ఫోన్ నంబరిచ్చింటే చాలదా?" ఈ రెండో ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పే తీరిక సీజన్లో ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాగితం అంటే ముందుగానే ప్రింటు తీసి దాచుకునే బ్యాకప్ కోడ్లు, రికవరీ కీలు.

ఏది పెట్టుకోవడం సులువు అని అందరూ చూస్తారు. నేను చూసేది ఒక్కటే: లాక్ పడిన రోజున అది మన చేతిలో ఉంటుందా, ఉండదా.

ముందు ఫోన్ నంబరు. ఇందులో సుఖం చాలా ఉంది, కాదనను. ఖాతా తెరిచేటప్పుడే నంబరు అడుగుతారు, ఇచ్చేస్తాం, అయిపోతుంది. సిమ్ పోయినా ఆధార్ పట్టుకొని కంపెనీ స్టోరుకు పోతే అదే నంబరుకు కొత్త సిమ్ ఇస్తారు. కొత్త సిమ్ పడ్డాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్సులు ఆపుతారు కాబట్టి ఒక రోజు ఓపిక పడితే చాలు. ఊర్లోనే ఉంటూ, ఒకే నంబరుకు నెలనెలా రీచార్జి చేసుకునే ఉద్యోగస్తులకు, అంగళ్లవాళ్లకు ఇది సరిపోతుంది.

కానీ మాది కడప. మా వీధుల్లో ఏ ఇంట్లో అడిగినా అన్నో, చెల్లెలో, బావో కువైట్‌లో ఉంటారు. నంబరు మన సొంతమనుకుంటాం గానీ రీచార్జి ఉన్నన్నాళ్లే అది మనది. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా పడేస్తే కంపెనీ ఆపేయొచ్చు. ఆపిన నంబరును 90 రోజుల దాకా వేరేవాళ్లకు ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే ఆ తర్వాత ఇస్తారు. అటు పోయినవాళ్లు తిరిగొచ్చేది రెండేళ్లకు. లెక్క మీరే వేసుకోండి.

నిరుడు ఒక అక్క అట్లాగే వచ్చింది. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి, సెలవుకు వచ్చింది. కొడుకు పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ ఆ జీమెయిల్లోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ మీద చుక్కలు చుక్కలుగా నంబరు, చివర రెండు అంకెలు, దానికి కోడ్ పంపామన్న మాట. "అది నా పాత నంబరే సామీ. ఆ సిమ్ యాడేసినానో" అనింది. నా ఫోన్ నుంచే ఆ నంబరుకు చేసింది. ఎవరో మగమనిషి ఎత్తినాడు, వెనకాల లారీ చప్పుడు. ఈమె అంతా చెప్పి బతిమాలింది. ఆయన నెమ్మదిగానే అన్నాడు: "ఓటీపీ ఎవురికీ చెప్పొద్దంటారు గదమ్మా. తప్పుగా అనుకోవద్దు, నేను చెప్పను." పెట్టేసినాడు. ఆయన చేసిందే సరి. ఆయన చోట నేనున్నా అంతే చేస్తా. కానీ ఫోన్ నా చేతికిచ్చేటప్పుడు ఆమె చెయ్యి వణికింది. అది నేను మర్చిపోలేదు.

చివరికి పని చేసింది వాళ్లమ్మ ఇంట్లో పిల్లలు బొమ్మలు చూసుకునే పాత ట్యాబ్. ఏ పరికరం నుంచి, ఏ చోటు నుంచి, ఏ వైఫై నుంచి అడుగుతున్నారని గూగుల్ చూస్తుంది. మునుపు వాడిన పరికరమైతే నమ్మకం ఎక్కువ. ఆ ట్యాబ్‌లో ఖాతా ఇంకా లాగిన్లోనే ఉంది. దానికి వచ్చిన ప్రశ్నకు 'అవును, నేనే' అని నొక్కితే తెరుచుకుంది. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఇంటికి పంపిస్తున్నా. జీమెయిల్ వెనక్కి తెచ్చుకోవడానికి నెట్ సెంటర్ అంత పనికిరాని చోటు ఇంకోటి లేదు. మా కంప్యూటర్‌ను మీ ఖాతా ఎన్నడూ చూసి ఉండదు. పాత ఫోన్, పాత ట్యాబ్ ఏదున్నా తీసి చార్జింగ్ పెట్టి, ఇంటి వైఫై మీద మొదలుపెట్టండి. నెట్ సెంటర్ నంబరుతో తెరిపించుకున్న జీమెయిల్ అయితే ఈ రోజే మీ నంబరు పెట్టుకోండి.

ఇక కాగితం. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ అడిగే ఏర్పాటు) పేజీలో బ్యాకప్ కోడ్లు అని ఉంటాయి. 10 కోడ్లు, ఒక్కోటి 8 అంకెలు. ఒక కోడ్ ఒక్కసారే పని చేస్తుంది. మళ్లీ కొత్త సెట్ తీసుకుంటే పాత కాగితం చెల్లదు. ఓటీపీ అడిగిన చోట దీన్ని కొట్టొచ్చు. సిగ్నల్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు, సిమ్ ఎవరి చేతిలో ఉన్నా మనకు పట్టదు. ఆ అక్క దగ్గర ఈ కాగితం ఒక్కటుంటే ఆ లారీ ఆయన్ను బతిమాలే పనే ఉండేది కాదు.

కాగితానికీ లోపాలున్నాయి. తడుస్తుంది, చెదలు పడుతుంది, ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతో పాటు పోతుంది. ఇది పాస్‌వర్డ్‌కు బదులు కాదు. పాస్‌వర్డ్ కొట్టాక వచ్చే రెండో మెట్టుకే. కాబట్టి పాస్‌వర్డ్ ఇంకో పుస్తకంలో, ఇంకో చోట రాసి ఉండాలి. రెండూ ఒకే కవర్లో పెడితే ఆ కవర్ ఎత్తుకుపోయినవాడికి ఖాతా అప్పజెప్పినట్టే. అన్నిటికంటే నేను ఎక్కువగా చూసే తప్పు, కోడ్లను స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవడం. ఆ ఫోటో పోయి చేరేది అదే జీమెయిల్లోని గూగుల్ ఫోటోస్‌లోకి. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు.

కంప్యూటర్ విషయంలో కాగితం విలువ నాకు మా అక్క కూతురి వల్ల తెలిసింది. అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతోంది. ల్యాప్‌టాప్‌కు మదర్‌బోర్డు మార్పించి తెచ్చుకుంటే ఆన్ చేయగానే నీలం తెర, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కొట్టమని. 48 అంకెలు, ఆరారు చొప్పున ఎనిమిది గుంపులు. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే చాలావాటిలో ఈ తాళం దానంతటదే పడుతుంది, కీ ఆ ఖాతాలో దాచి ఉంటుంది. మామూలుగా అయితే ఇది మంచిదే. ఇంకో ఫోన్లో ఆ ఖాతా తెరిచి, స్క్రీన్ మీది కీ ఐడీతో సరిపోల్చుకొని కొట్టొచ్చు. కానీ కొన్న రోజు అంగట్లో పిల్లోడు హడావుడిగా ఏదో ఒక ఈమెయిల్ సృష్టించి సెటప్ చేసి ఇచ్చినాడు. అదేమిటో అతనికీ గుర్తు లేదు, ఈ పిల్లకూ తెలియదు. కీ లేకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తీసివ్వలేరు. ఫార్మాట్ చేసుకుంది. ప్రాజెక్టు రిపోర్టు పోయింది, వాళ్ల తాత చివరి వీడియో పోయింది. రిపోర్టు మళ్లీ రాసింది.

ఆ రాత్రే నా సెంటర్లోని మిషన్లన్నిటి కీలు ప్రింటు తీసినా. ఒక్కో కాగితం మీద ఏ మిషనో రాసి, కీ ఐడీ కింద గీత గీసి పెట్టినా. మీ ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగానే తెరుచుకుంటుంటే ఆ పని ఇప్పుడే చేయండి. తెరుచుకోని రోజున చేయలేరు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. రికవరీ ఈమెయిల్ (ఖాతా లాకయితే కోడ్ పంపడానికి ఇచ్చే ఇంకో ఈమెయిల్) మంచిదే, కానీ మొగుడి ఖాతాకు పెళ్లాం ఈమెయిల్, పెళ్లాం ఖాతాకు మొగుడి ఈమెయిల్ పెట్టుకొని, రెండూ ఒకే ఫోన్లో ఉండి ఆ ఫోన్ పోతే రెండూ పోతాయి. ఫోన్లోనే కోడ్లు చూపించే ఆథెంటికేటర్ యాప్ దొంగల నుంచి కాపాడటంలో ఎస్సెమ్మెస్ కంటే గట్టిది, ఫోన్ పోయిన రోజుకు మాత్రం వేరే దారి ఉండాల్సిందే. నమ్మకమైన మనిషిని రికవరీ కాంటాక్ట్‌గా పెట్టుకునే వీలు ఆపిల్‌లో 2021 నుంచి ఉంది, గూగుల్ కూడా 2025లో తెచ్చింది. ఇంట్లో ఆ పని తెలిసినవాళ్లుంటే పెట్టుకోండి. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టి, దానికి ఈమెయిల్ కూడా జత చేయండి. ఈమెయిల్ లేకుండా పిన్ మర్చిపోతే ఏడు రోజులు కాచుకోవాలి.

ఒకటి మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయొద్దు. నెట్‌లో 'జీమెయిల్ కస్టమర్ కేర్' అని వెతికి, కనిపించిన నంబరుకు ఫోన్ చేయొద్దు. ఉచిత జీమెయిల్ తెరిచి ఇవ్వడానికి గూగుల్‌కు ఫోన్ నంబరు లేదు. అట్లా దొరికే నంబర్లు మోసగాళ్లవి, దూరం నుంచే మన ఫోన్ నడిపే ఏనీడెస్క్ యాప్ వేయించి బ్యాంకు ఖాతా దాకా వస్తారు. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి.

నా ఎంపిక దాచిపెట్టేదేం కాదు. నంబరు పెట్టుకోండి, దాని మీదే ఆధారపడొద్దు. బయటి దేశం పోయేవాళ్లకైతే కాగితమే మేలు. పోయే ముందు రికవరీ నంబరును ఇంట్లో ఎప్పుడూ వాడే నంబరుకు మార్చుకోవాలనుకుంటే కనీసం వారం ముందే మార్చండి. మార్చిన తర్వాత కూడా ఏడు రోజుల దాకా గూగుల్ పాత నంబరుకే కోడ్ పంపొచ్చు.

పోయిన నెల ఒక పిల్లోడు కువైట్‌కు డ్రైవర్‌గా పోతూ వీసా జెరాక్సులకు వచ్చినాడు. కోడ్లు రెండు కాపీలు తీయించినా. ఒకటి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకున్నాడు. రెండోది వాళ్లమ్మకిస్తే ఆమె తటపటాయించింది, "నాకు ఇంగ్లీషు రాదే నాయనా" అని. కాగితం చూపించినా. కోడ్లలో అక్షరమే లేదు, అన్నీ అంకెలే. మొదటి వరుస వేలు పెట్టి చదివింది, ఎనిమిదంకెలూ తప్పు లేకుండా. వాడు తల్లికి రెండు మాటలు చెప్పినాడు: నేనే ఫోన్ చేసి నా గొంతుతో అడిగితేనే చదువు, చదివినదాన్ని పెన్నుతో కొట్టేయి. ఆమె కాగితాన్ని మడిచి, రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెన్ను కూడా అందులోనే వేసుకుంది.