నల్ల గోళ్ల కుక్క ఉన్నవాళ్లు ఈ నెయిల్ గ్రైండర్ కొనొచ్చా? ఏడు నెలలు వాడాక నా రివ్యూ

మా కాటుక వీధి కుక్క. మూడేళ్ల కిందట కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికింది. ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది గోళ్లు, ఒక్కటంటే ఒక్కటి తెల్లది లేదు. కింద ఉన్నన్నాళ్లూ సిమెంటు రోడ్డు మీద తిరిగి తిరిగి వాటంతట అవే అరిగేవి. నాలుగో అంతస్తుకు వచ్చాక నున్నటి టైల్స్ మీద ఇక అరిగేదేముంది? రాత్రి హాల్లో టకటకా నడుస్తుంటే మా అత్తయ్య "ఎవరే ఈ వేళప్పుడు చెప్పులేసుకుని తిరుగుతోంది" అని లేచి కూర్చునేవారు.

గోళ్లను కత్తిరించకుండా అరగదీసే ఈ చిన్న మెషిన్, అదే గ్రైండర్, గురించి రాద్దామనే మొదలెట్టాను గానీ, దానికి ముందు నేను తగలేసిన డబ్బు గురించి చెప్పకపోతే దాని విలువ తెలియదు.

మొదట కొన్నది 350 రూపాయల క్లిప్పర్. పట్టకారులా ఉంటుంది, బ్లేడు వెనక చిన్న ఇనుప రేకు, దాని పేరు సేఫ్టీ గార్డ్, ఇంతకు మించి తెగదని డబ్బా మీద రాసి ఉంది. ఆ రేకు ఎక్కడుందో దానికి తెలుసు గానీ మన కుక్క గోట్లో నరం ఎక్కడిదాకా వచ్చిందో దానికెలా తెలుస్తుంది? గోరు లోపల రక్తనాళమూ నరమూ ఉండే మెత్తటి భాగం ఒకటుంటుంది, క్విక్ అంటారు. తెల్ల గోరైతే లేత గులాబీ రంగులో బయటికే కనపడుతుంది, నల్ల గోట్లో ఏమీ కనపడదు. లైటున్న క్లిప్పర్లు కూడా అమ్ముతున్నారు, నల్ల గోటికి ఆ లైటు దండగ. నాకు మూడో గోరుకే తెగింది. కుక్క కుయ్యోమంది, నేను అంతకంటే గట్టిగా అరిచాను, తెల్ల టైల్స్ నిండా ఎర్రటి చుక్కలు. వంటింట్లోంచి కార్న్‌ఫ్లోర్ తెచ్చి అరచేతిలో పోసుకుని, గోటి కొన అందులో గుచ్చి ఐదు నిమిషాలు కదలకుండా వత్తి పట్టుకుంటే ఆగింది. పెట్ షాపుల్లో స్టిప్టిక్ పౌడర్ అని దీనికోసమే అమ్ముతారు, అది ఇంట్లో లేకుండా క్లిప్పర్ పట్టుకోవడం నా తెలివితక్కువతనం.

ఆ దెబ్బకు భయపడి ఇంటికొచ్చే గ్రూమింగ్ వ్యాన్ పిలిచాను. పేరు చెప్పను. ఒకరు మెడ దగ్గర, ఒకరు నడుం దగ్గర అదిమి పట్టుకుని నాలుగు నిమిషాల్లో అన్నీ ఒకే కొలతకు టపటపా కత్తిరించేసి 600 తీసుకున్నారు. మర్నాడు కాటుక కుంటింది. ఆ తర్వాత మూడు నెలలు కాలు ముట్టుకోనివ్వలేదు, షేక్‌హ్యాండ్ కూడా మానేసింది, అసలు బాధ అది.

పాఠం దొరికింది మా వీధి చివర వెటర్నరీ క్లినిక్‌లో. అక్కడి కాంపౌండర్ గారు 200 తీసుకుని, కత్తిరించడం కంటే చూపించడమే ఎక్కువ చేశారు. బియ్యపు గింజ మందాన కొంచెం కొంచెంగా కోస్తూ, ప్రతిసారీ కోసిన చోటు నా వైపు తిప్పారు. మొదట సుద్దలా తెల్లగా, పొడిపొడిగా ఉంటుంది. ఇంకాస్త కోస్తే మధ్యలో ముదురు రంగు చుక్క ఒకటి, చుట్టూ ఉన్నదానికంటే కాస్త తడిగా. "అది కనపడిందంటే ఆగిపోవాలమ్మా, ఆశ పడొద్దు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు: గోరు వదిలేస్తే లోపలి నరమూ దాంతోపాటు ముందుకు పెరుగుతుంది, తరచుగా కొంచెం కొంచెం తీస్తూ ఉంటే మెల్లగా వెనక్కి తగ్గుతుంది. కాబట్టి ఒకేరోజు పొట్టిగా చేసెయ్యాలన్న ఆశ వదులుకోవాలి.

కొంచెం కొంచెం అంటే గ్రైండరే నయమని 899 పెట్టి ఇది కొన్నాను. ఏ బ్రాండ్ అన్నది పెద్ద విషయం కాదు, నేను చూసిన నాలుగైదింటిలో డబ్బా మీద పేరు తప్ప లోపల మెషిన్ ఒకేలా ఉంది. రెండు స్పీడులు, యూఎస్‌బీ ఛార్జింగ్, మూడు సైజుల రంధ్రాలున్న మూత. ఆ మూత తీసి పక్కన పెట్టండి, గోరు ఎక్కడ అరుగుతోందో కనపడనివ్వదు. తక్కువ స్పీడే చాలు. రెండు సెకన్లు ఆనించడం, తీయడం, మళ్లీ ఆనించడం. అలాగే పెట్టి ఉంచితే గోరు వేడెక్కి కుక్క కాలు లాగేసుకుంటుంది. జుట్టు కాలినట్టు వాసన వస్తుంది, పొడి ఎగురుతుంది, బాల్కనీలో కూర్చోండి. పైఫ్లోర్ వాళ్ల బొచ్చు కుక్క షిట్జుకైతే పాదాల బొచ్చు మెషిన్ కొన మీద తిరిగే బిట్‌కు చుట్టుకుంటోందని, పాత సాక్సుకు చిల్లులు పెట్టి గోళ్లు మాత్రం బయటికి తీసి చేస్తున్నారు.

సైలెంట్ అని రాశారు, అబద్ధం. మిక్సీ అంత కాదు గానీ ట్రిమ్మర్ కంటే ఎక్కువే మోత. అందుకే మొదటి పది రోజులు ఒక్క గోరూ ముట్టుకోలేదు, గ్రైండర్ పక్క గదిలో ఆన్ చేసి పెట్టి, ఇక్కడ గిన్నెలో గడ్డ పెరుగు నాకించాను. తర్వాత ఆఫ్ చేసి కాలికి ఆనించడం, ఆ తర్వాతే రోజుకు రెండు గోళ్లు. అంత ఓపిక లేనివాళ్లు 899 దండగ చేసుకోకుండా ఆ 200 క్లినిక్‌కే ఇవ్వండి. కరిచే స్థాయిలో భయపడే కుక్కైతే మనం కుస్తీ పట్టడం అసలొద్దు, మత్తు ఇచ్చి తీయాలా వద్దా అన్నది డాక్టర్ చూసుకుంటారు.

ముందు కాళ్లకు లోపలివైపు పైన ఒక గోరుంటుంది చూడండి, నేలకు తగలదు కాబట్టి అరగదు, గుండ్రంగా తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఆ గోటికి మాత్రం ఈ మెషిన్ అద్భుతం. క్లిప్పర్‌తో అక్కడ సందు దొరకదు.

ఏడు నెలల్లో రక్తం ఒక్కసారి కూడా రాలేదు, అందుకే నాలుగు స్టార్లు. ఛార్జింగ్ పిన్ అప్పుడే వదులైంది, కేబుల్ కింద అగ్గిపెట్టె పెడితేనే ఎక్కుతోంది, వారంటీ ఆరు నెలలే. వెనక కాళ్లకు కాటుక ఇంకా ఒప్పుకోవట్లేదు, ఆ ఎనిమిదింటికీ నెలకోసారి కాంపౌండర్ గారి దగ్గరికే వెళ్తున్నాం.