రౌతుల కత్తుల వెంట: లీడ్స్, న్యూవార్క్, నేజ్‌బీ

రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధం (1642–51) నాటి గుర్రపు రౌతుల కత్తులు, ముఖ్యంగా ‘మార్చురీ స్వోర్డ్’ అనే రకం, చూడాలనుకునే మనవాళ్లు ఎక్కువమంది లండన్‌తో సరిపెట్టేస్తారు. ఒక్క వారాంతం దొరికితే ఉత్తరానికి వెళ్లండి.

మొదట లీడ్స్‌లోని ఆయుధాల మ్యూజియం రాయల్ ఆర్మరీస్. ప్రవేశం ఉచితం. కార్ పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి, అందుకని రైల్లో వచ్చి నది పక్కనే నడుచుకుంటూ పోవడం మేలు. ఆ కాలపు రౌతుల కత్తుల్లో మనం వెతికే రకాన్ని పిడి చూసి పట్టేయొచ్చు. అడుగున దొప్పలాంటి ఇనుప రేకు, అందులోంచి పైకి లేచి చేతివేళ్లను కాపాడే కమ్మీలు. అద్దానికి ముఖం ఆనించి చూస్తే రేకు మీద ఉలితో చెక్కిన చిన్న చిన్న మొహాలు కనిపిస్తాయి. కోసుగా ఉన్న గడ్డంతో ఉంటే అది 1649లో తల నరికించుకున్న చార్లెస్ రాజే, ఆయన జ్ఞాపకార్థం చెక్కారు అని చాలాకాలం నమ్మారు, మార్చురీ (శవాగారం) అన్న పేరూ అందుకే. కానీ ఈ తరహా కత్తులు ఆయన బతికుండగానే వాడుకలో ఉన్నాయి.

కత్తి నిటారుగా, చాలావాటికి ఒకే వైపు పదునుతో ఉంటుంది. అలుగులు చాలావరకు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చేవి. అక్కడి పనివాళ్లనే రప్పించి లండన్ పక్కన హౌన్స్‌లోలోనూ చేయించారు. మన దక్కన్‌లోనూ యూరప్ అలుగులకు మన పిడి తొడిగి ఫిరంగి (అంటే పరదేశీ) కత్తులని వాడేవారు కాబట్టి, సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాలు చూసినవాళ్లకు ఈ సరుకు మరీ కొత్తగా అనిపించదు.

లీడ్స్‌లో కత్తుల కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది లిటిల్‌కోట్ హౌస్ అనే పాత భవంతి నుంచి 1985లో కొన్న ఆయుధాగారం. రౌతు వేసుకున్న మందపాటి తోలు కోటు చూశాక ఈ కత్తికి పని ఎంత కష్టమో అర్థమైంది. దాని మీద ఉక్కు కవచం, తలకు మెడ వెనక రేకులు వేలాడే శిరస్త్రాణం. వాటి సందుల్లో ముఖం, చేతులు తప్ప పెద్దగా తెగేదేమీ మిగలదు.

లీడ్స్‌లో స్టేషన్ దగ్గర బస తీసుకోండి. యార్క్ అందంగా ఉంటుంది, శనివారం రేట్లు మాత్రం మండిపోతాయి. పైగా మేం దిగిన పాత గెస్ట్‌హౌస్‌లో లిఫ్ట్ లేదు, సూట్‌కేసులతో ఆ ఇరుకు మెట్లు ఎక్కేసరికి మా అత్తయ్యగారికి ఆయాసం వచ్చింది. శాకాహారం అని ముందే చెప్పినా పొద్దున్న టోస్టు, బీన్సే పెట్టారు. యార్క్ వెళ్తే మార్స్టన్ మూర్ దగ్గరే (1644 జూలై 2 యుద్ధం). ఒక స్మారక స్తంభం, చుట్టూ పొలాలు. కారుంటేనే ఆగండి.

న్యూవార్క్ ఊరు చిన్నది, లండన్ నుంచి నేరుగా రైలుంది. 2015లో తెరిచిన నేషనల్ సివిల్ వార్ సెంటర్‌కి టికెట్ ఉంది. కత్తుల కోసమే అయితే లీడ్స్ తర్వాత ఇది కొంచెం చప్పగా అనిపిస్తుంది, ముట్టడిలో చిక్కుకున్న ఊరి కథ కోసమైతే డబ్బుకు న్యాయం జరుగుతుంది. రాజుపక్షం పట్టు వదలని ఈ ఊరు మూడు ముట్టడులు చూసి, చివరికి రాజే ఆజ్ఞాపిస్తే 1646లో లొంగింది. నక్షత్రాకారపు మట్టికోట క్వీన్స్ స్కాన్స్ ఊరి పార్కులోనే ఉంది. పైసా ఖర్చు లేదు, పిల్లలు పరుగెత్తడానికి బోలెడు చోటు.

యుద్ధభూమి నేజ్‌బీ అసలు పరీక్ష. మార్కెట్ హార్బరో స్టేషన్ నుంచి టాక్సీ తప్ప దారి లేదు, తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోకపోతే టెన్షనే. అక్కడ మ్యూజియంలా ఏమీ ఉండదు, చూసేందుకు కట్టిన వేదికలు, సమాచార బోర్డులు, వాలు పొలాలు. కానీ 1645 జూన్ 14న ఏం జరిగిందో ఆ వాలు చూస్తేనే తలకెక్కుతుంది. రాజు మేనల్లుడు ప్రిన్స్ రూపర్ట్ రౌతులు ఎదుటి పక్షం ఎడమ రెక్కను చీల్చుకుని అదే ఊపులో సామాన్ల బళ్ల దాకా పోయారు. అవతల పార్లమెంటు పక్షపు రౌతుల నాయకుడు క్రామ్‌వెల్ మాత్రం గెలిచాక కూడా తనవాళ్లలో కొందరిని ఆపి, రాజు కాల్బలం మీదికి తిప్పాడు. రూపర్ట్ తిరిగొచ్చేసరికి ఆట అయిపోయింది.

వరుస మాత్రం మార్చొద్దు, లీడ్స్ ముందు, నేజ్‌బీ చివర. అద్దాల వెనక కత్తి చూడకుండా నేరుగా ఇక్కడికొస్తే పిల్లలకు ఇది ఉత్త గోధుమచేనే. వానాకాలం బూట్లు పెట్టుకోండి, మంచినీళ్లు, పులిహోర వెంట తీసుకెళ్లండి. వేదికల దగ్గర దుకాణాలు లేవు.