కోటిపల్లి కట్ట వెంట ఆటో బేరం: 1,800 రూపాయలకి గిట్టిందా?

కాకినాడ టౌన్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని, రైలు కట్ట పక్కపక్కనే కోటిపల్లి దాకా వెళ్లొచ్చాను. 2,200 అడిగాడు, 1,800కి తెగింది. నేను ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలని నా షరతు. అది వినగానే "స్థలాలు చూడ్డానికాండీ?" అన్నాడు. కాదు, రైలు లైను చూడ్డానికి అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "దానికి ఆటో ఎందుకండీ, రైలెక్కితే సరిపోద్ది కదా!" అన్నాడు.

మాట సబబే. కానీ రైల్లో కూర్చున్నవాడికి తన కింద ఉన్న కట్ట కనబడదు. నాకు కావలసింది ఆ కట్టే.

ఈ 45 కిలోమీటర్ల లైను మొదట వేసింది 1928లో. పన్నెండేళ్లు నడిచింది. 1940లో రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ పట్టాలేసి రైలు నడిపేసరికి 2004 వచ్చింది. మా నాయనమ్మ వేళంగి కోడలు. కాపురానికి వచ్చింది ఆ పాత రైల్లోనేనట. పట్టాలు పోయాక పుట్టింటికి వెళ్లాలంటే మళ్లీ పడవే దిక్కయింది. "రైలు లేని ఊళ్లు చాలా ఉంటాయిరా, వచ్చిన రైలు పోయిన ఊరు మనదే" అనేది.

సరే, ఆటో సంగతి. ఇతనికి దారులు బాగా తెలుసు. అరట్లకట్ట, కరప దాటాక రోడ్డు ఎక్కడ లైనుకి దూరమైనా, ఏదో ఒక పుంతలోంచి తీసుకెళ్లి మళ్లీ కట్ట పక్కన నిలబెట్టాడు. అంతకంటే ముఖ్యం, మనుషులు తెలుసు. వేళంగిలో టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన్ని "బాబాయ్, ఈయనకి కాస్త రైలు కట్ట కథ చెప్పు" అని నాకు అప్పజెప్పాడు. పట్టాల్లేని ఆ రోజుల్లో చిన్నపిల్లలుగా కట్టమీద గేదెల్ని తోలుకెళ్లేవాళ్లమనీ, వరదొస్తే ఊరికి అదే ఎత్తు చోటనీ ఆయన చెబుతుంటే నా టీ చల్లారిపోయింది. ఈ కబుర్లు నేనొక్కణ్ణీ వెళ్తే దొరికేవి కావు.

లోపాలు చెప్పకపోతే తప్పు. రామచంద్రపురం చేరేసరికి నా నడుం నాది కాదు. పాటల సౌండు తగ్గించమంటే తగ్గిస్తాడు, మరో రెండు కిలోమీటర్లకి మళ్లీ మొదలు. ద్రాక్షారామంలో నన్ను భీమేశ్వరుడి గుడి దగ్గర దింపి, పావుగంటలో వస్తానని మరదలి ఇంటికి భోజనానికి వెళ్లినవాడు గంటంపావుకి వచ్చాడు. ఫోనెత్తడు. కోపంగా ఎక్కి కూర్చుంటే, అరిటాకులో కట్టిన గారెలు నాలుగు చేతిలో పెట్టాడు. ఇంకేం తిడతాం!

కోటిపల్లిలో గౌతమి ఒడ్డుకి చేరేసరికి సాయంత్రమైంది. లైను నరసాపురం దాకా, ఇంకో 57 కిలోమీటర్లు సాగాలి. లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు బాలయోగిగారు పట్టుబట్టిన లైను ఇది. 2002లో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలూ దాటాలి. ఏట్లో వంతెన స్తంభాలు లేచాయి గానీ, నేను చూసిన రోజు వాటిమీద కూర్చున్నవి కొంగలే. వాటి పక్క నుంచి ముక్తేశ్వరం వెళ్లే పంటు మోటార్‌సైకిళ్లతో నిండుగా కదిలింది. మా నాయనమ్మ పడవ దగ్గరికే వచ్చి ఆగాను అనిపించింది.

నా లెక్కలో ఐదుకి నాలుగు మార్కులు. పోయిన మార్కు గారెలకి ముందే పోయింది. వెళ్లాలనుకునేవాళ్లు ఉదయం ఏడింటికల్లా బయల్దేరండి, నడుం కింద దిండు పెట్టుకోండి. కార్తీక మాసంలో మాత్రం ఇతను దొరకడు, ద్రాక్షారామం బేరాలు ముందే అయిపోతాయట.