కలువల కుంటలో గప్పీ చేపలు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

రాజమహేంద్రవరంలో మా పెరట్లోని కుంట 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉంటుంది. కడియం నర్సరీలో కొన్న కలువ దుంపలను నాటి మూడు వారాలు గడిచేసరికి, సాయంత్రం పూట టార్చి వేసి చూస్తే నీటి పైపొరను అంటుకుని తలకిందులుగా వేలాడుతున్న దోమ లార్వాలు వందల సంఖ్యలో కనిపించసాగాయి. మురుగుకాలువల్లో వేసే ఆయిల్ బాల్స్ ఇక్కడ పనికిరావు, ఎందుకంటే నీటి మీద నూనె పొర పరుచుకుంటే కలువ ఆకులతో పాటు కుంటలో చేరిన కప్పలకూ హాని కలుగుతుంది. లార్వాలను చంపే అబేట్ మందునైతే వారం వారం మరువకుండా కలుపుతూ ఉండాలి. అందువల్ల చేపలనే నమ్ముకున్నాను.

దోమలను తినే చేప అనగానే మన ఊళ్లలో అందరూ చెప్పే పేరు గంబూసియా. అమెరికాకు చెందిన ఈ చేపను 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది లార్వాలను బాగా తింటుందన్నది నిజమే, కానీ కప్ప గుడ్లను, తోకకప్పలను కూడా వదలదు, తోటి చేపల తోకలను కొరుకుతుంది, కాలువల్లోకి చేరితే స్థానికమైన చిన్న చేపలకు తిండి లేకుండా చేస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో దాని పేరు ఉండటానికి ఇదే కారణం. మా కుంట భారీ వర్షానికి పొంగితే ఆ నీరు వీధి కాలువలోకి పోతుంది కాబట్టి గంబూసియా వద్దనుకుని గప్పీని ఎంచుకున్నాను. గప్పీ కూడా దక్షిణ అమెరికా చేపే, దాన్ని బయటికి వదిలే హక్కు మనకు లేదు. అయితే గంబూసియా అంత దూకుడు దానికి లేదు, కొంచెం మురికి నీటిలోనూ బతుకుతుంది.

చేపలను ఊళ్లోని ఒక అక్వేరియం షాపులో ఒక్కోటి 8 రూపాయల చొప్పున 50 కొన్నాను. మూడో వంతు నీరు, మిగతా భాగం ఆక్సిజన్ నింపి, రెండు కవర్లలో గట్టిగా కట్టి ఇచ్చారు. దారిలో ఒక్క చేప కూడా చావలేదు, ఆ మేరకు వారి పనితనం మెచ్చుకోదగినది. కానీ పది రోజులకు కొన్ని మగ గప్పీల రంగురంగుల తోకలు చిరిగి కనిపించాయి. గాజు సీసాలోకి కొన్నింటిని తీసి పరిశీలించాను. మగచేపకు పొట్ట కింద వెనుక వాజం (ఈదే రెక్క) పుల్లలా సన్నగా ఉంటుంది. అలాంటి వాజం ఉండి కూడా ఒంటిపై రంగే లేని బూడిద చేపలు ఆరు దొరికాయి, తోకపై నల్లచుక్కల వరుసలున్న ఆడచేపలు మరో మూడు దొరికాయి. ఆ తొమ్మిదీ గంబూసియాలే. షాపుకు వెళ్లి చెబితే, "రెండూ దోమల్నే తింటాయి కదండీ, తేడా ఏముంది?" అన్నారు. తేడా చాలా ఉంది, పైగా అమ్మేవారికి ఆ తేడా తెలియకపోతే కొనేవారికి తెలిసే దారి లేదు. ఈ విషయంలో ఆ షాపుకు మంచి మార్కులు వేయలేను.

చేపల పనితీరు మాత్రం నా అంచనాను మించింది. కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి రెండు రోజులు ఆగి, కవర్లను ఇరవై నిమిషాలు కుంటలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా కుంట నీటిని కలుపుతూ సాయంత్రం చల్లబడ్డాక వదిలాను. మూడో రాత్రికి ఆకులు కప్పని నీటిలో ఒక్క లార్వా కూడా కనిపించలేదు. లార్వా గాలి పీల్చడానికి నీటి పైకి రాక తప్పదు, గప్పీ నోరు పైకి తిరిగి ఉండటం వల్ల అది మేత కోసం తిరిగేది కూడా అక్కడే. మన ఎండలకు గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి చేపలకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. గప్పీ గుడ్లు పెట్టదు, సుమారు నెలకోసారి నేరుగా పిల్లలను కంటుంది, అందుకే మళ్లీ కొనాల్సిన అవసరం రాలేదు.

రెండు చోట్ల మాత్రం చేప ఓడిపోయింది. కలువ ఆకులు ఒకదానిపై ఒకటి ఎక్కిన మూలలోకి, గట్టు వెంట దట్టంగా పట్టిన నాచులోకి అది చొరబడలేదు, అక్కడ లార్వాలు నిశ్చింతగా పెరిగాయి. ముదిరిన ఆకులు కోసి, నాచు తీసి, నీటి ఉపరితలంలో మూడో వంతైనా ఎప్పుడూ తెరచి ఉంచడం మొదలుపెట్టాక ఆ బెడద పోయింది. రెండోది మా తప్పే: పిల్లలు సరదాపడి రోజూ మేత గింజలు వేయడంతో కడుపు నిండిన చేపలు లార్వాల జోలికి పోలేదు. మేత ఆపిన నాలుగు రోజులకు పరిస్థితి చక్కబడింది.

పగటి పూట కుట్టే దోమలు మాత్రం తగ్గలేదు. డెంగీని మోసుకొచ్చే దోమకు కుంట అక్కర్లేదు, పూలకుండీ కింద పళ్లెంలో, కూలర్ అడుగున, మూత సరిగా లేని ట్యాంకులో నిలిచిన నీరు చాలు. వారానికోసారి అవన్నీ తోమి ఆరబెడుతున్నాక ఆ బాధ తగ్గింది. చేపలు కొంటున్నవారు వాటి నుంచి కుంట వరకే ఫలితం ఆశించాలి.

400 రూపాయల ఖర్చుకు ఈ చేపలకు అయిదుకు నాలుగున్నర, అమ్మిన షాపుకు రెండు ఇస్తాను. కొనేటప్పుడు మగచేపలన్నిటికీ రంగు ఉందో లేదో గాజు సీసాలో చూసి తీసుకోండి, కుంట నీరు బయటికి పోయే గొట్టానికి దోమతెర గుడ్డ రెండు పొరలుగా కట్టండి, అప్పుడే పుట్టిన పిల్లలు కూడా దాన్ని దాటలేవు. నాకు దొరికిన తొమ్మిది గంబూసియాలను తూము లేని సిమెంటు తొట్టిలో విడిగా ఉంచాను. ఇరుగుపొరుగు వారు గప్పీ పిల్లలను అడుగుతున్నారు, వాననీరు వీధి కాలువలోకి పొంగని తొట్లు ఉన్నవారికే ఇస్తున్నాను.