శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గర బేరింగుల షాపు, పెడల్ షాఫ్టుకి బుష్‌లు (బేరింగు బదులు షాఫ్టు చుట్టూ వేసే గొట్టం ముక్కలు) తీసుకున్నా (4 స్టార్లు)

మాది పలాస సైడు చిన్న జీడిపప్పు యూనిట్ అండి, పిక్కలు కోసే కాలి మిషన్లు 8 ఉన్నాయి, పెడల్ తొక్కితే కింద షాఫ్టు ఓ 30 డిగ్రీలు ఊగి వెనక్కొచ్చేస్తది, ఫుల్ రౌండ్ ఎప్పుడూ కొట్టదు. దానికి రెండు వైపులా 6205 సైజు బాల్ బేరింగులు ఉండేవి. మూడు నెలలు తిరక్కుండానే గరగరమని పట్టేసేవి, విప్పితే తుప్పు రంగు పొడి, లోపల రింగు మీద బాల్ ఆనిన చోటల్లా గుంట. అంతకుముందు కొన్న చోట అడిగితే డూప్లికేట్ వచ్చుంటది, ఈసారి కంపెనీది పట్టుకెళ్ళమన్నాడు. పట్టుకెళ్ళా, అదీ అంతే.

ఇక్కడ కౌంటర్లో పెద్దాయన సైజు అడగలేదు. "ఏటి బావు, ఇది గుండ్రంగా తిరుగుతాదా, ఊగుతాదా? ఊగితే ఎంత?" అన్నాడు. చెప్పాక నా పాత బేరింగే చేతిలో పట్టుకుని చూపించాడు, దీంట్లో 9 బాల్స్, ఒక్కోదానికి మధ్య 40 డిగ్రీలు, షాఫ్టు 30 ఊగితే బాల్ దాంట్లో సగం కూడా జరగదు, 12 డిగ్రీలే, అంటే ఏ బాల్ చోటు దానిదే, అక్కడక్కడే రాసుకుంటది, గ్రీజు పక్కకి పోయి మళ్ళీ రాదు అని. మరి ఇన్నాళ్ళూ ఇది నాకెవరూ చెప్పలేదే!

నేను ఇత్తడి రంగు నూనె బుష్ ఇమ్మన్నా. వద్దన్నాడు, ఆగకుండా తిరిగే షాఫ్టుకైతే దాన్లో ఊరిన నూనె పైకొస్తదంట, ఇలా మెల్లగా ఊగేదానికి అంతగా రాదంట. నైలాన్ అయితే మన తేమకి ఉబ్బి షాఫ్టుని పట్టేస్తది. చివరికి బయట స్టీలు, లోపల టెఫ్లాన్ పూత ఉన్న పల్చటి బుష్ ఇచ్చాడు, లోపల 25 మి.మీ., బయట 28, పొడవు 25, గ్రీజు అక్కర్లేదు. పాత హౌసింగు (బేరింగు కూర్చునే గూడు) 52 మి.మీ. బోరు కాబట్టి ఆ సందు నింపడానికి లేత్ మీద స్లీవ్ కొట్టించాల్సొచ్చింది, ఆ ఖర్చు బుష్‌ల కంటే ఎక్కువైంది, అది ముందే అనుకోండి. పైన పూత చాలా పల్చన, బిగువుగా ఉందని లోపల రీమర్ (బొక్క గీకి పెద్దది చేసే పనిముట్టు) పెట్టారంటే మొత్తం పోతది, షాఫ్టునే కొత్తది తిప్పించి ఎమరీతో నున్నగా చేయించుకోవాలి, నా మొదటి సెట్ రీమర్ పెట్టే పాడుచేసుకున్నా. మొదట్లో షాఫ్టుకి బూడిదరంగు పొర అంటుద్ది, తుడిచేయకండి, అదే దాన్ని కాపాడేది.

7 నెలలైంది, ఒక్కటీ పట్టలేదు, జీడి నూనె కారినా. తొక్కే అమ్మలు కాలు తేలిగ్గా ఉందంటున్నారు.

స్టార్ ఎందుకు కోశానంటే అడిగితే గానీ బిల్లు రాయరు, బండి పెట్టుకోడానికి చోటుండదు, పైగా నా దగ్గర సీలు విప్పని 6205లు 6 మిగిలితే వాపసు తీసుకోమంటే నవ్వి ఊరుకున్నాడు. ఎవరికైనా కావాలంటే చెప్పండి, గుండ్రంగా తిరిగే షాఫ్టుకే సుమా.