సెంటరా, ఇంటికొచ్చే థెరపిస్టా, వీడియో కాలా: ఆటిజం పిల్లలకు ఏది మేలు?

"వీడియో కాల్‌లో థెరపీ చేయిస్తున్నారట కదా, మీ బాబు అంతసేపు ఫోన్ ముందు కూర్చుంటాడా?" ఆటిజం ఉన్న పిల్లల తల్లులు ఎవరు కలిసినా నన్ను ముందు అడిగేది ఇదే. కూర్చోడు. కూర్చోవాల్సిన పని కూడా లేదు. ఆ గంటసేపు థెరపిస్ట్ చెప్పింది వింటూ బాబుతో చేయాల్సింది నేను. ఈ సంగతి ఎవరూ చెప్పక, పిల్లాణ్ణి ఫోన్ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, వాడు లేచి పరిగెత్తితే తిట్టి, రెండు వారాలకే మానేసినవాళ్లను చూశాను. వాళ్లను చూస్తే బాధేస్తుంది.

మాది ప్రొద్దుటూరు. బాబుకు మూడేళ్లప్పుడు ఆటిజం అని తేలింది. ఈ మూడేళ్లలో మూడు పద్ధతులూ చూశాం.

ముందు హైదరాబాద్‌లో సెంటర్. అక్కడ ఉన్నవి ఇంట్లో ఉండవు, ఆ మాట ఒప్పుకోవాలి. ఊయల, ట్రాంపొలిన్, పక్క గదిలోనే ఓటీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపీ), స్పీచ్ (మాటలు నేర్పే థెరపీ), తోటి పిల్లలు. తన వంతు వచ్చేదాకా ఆగడం మావాడు అక్కడే నేర్చుకున్నాడు. ఒక్కడే పిల్లాడున్న ఇంట్లో వంతు అనేది ఎక్కడిది? ఆటిజం ఉందో లేదో తేల్చే పరీక్షకైనా మనిషి ఎదురుగా ఉండి చూస్తేనే నాకు నమ్మకం. సికింద్రాబాద్ బోయినపల్లిలో ఉన్న ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) లాంటి చోటికి ఒక్కసారైనా స్వయంగా తీసుకెళ్లండి.

కానీ ఐదు నెలలు నేనూ బాబూ అద్దె గదిలో, మా ఆయన ప్రొద్దుటూరులో దుకాణం దగ్గర. పదిహేను రోజులకోసారి రాత్రి బస్సెక్కి వచ్చేవారు. ఇంత చేసి ఇంటికొచ్చాక ఏమైందంటే, సెంటర్‌లో నీళ్లు కావాలంటే నీళ్ల బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చి అడిగే పిల్లాడు, మా వంటింట్లో మళ్లీ నా చెయ్యి పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. నేర్చుకున్నది ఆ గదిలోనే ఉండిపోయింది.

ఇంకొకటి, తల్లులు బయట కూర్చోవాలన్నారు. తలుపు వేసేవారు. లోపల ఏడుపు వినిపిస్తే నా ప్రాణం విలవిల్లాడేది. నా భయానికి కారణం ఉంది. ప్రవర్తనను మార్చే థెరపీ అయిన ఏబీఏకి పేరు తెచ్చింది కాలిఫోర్నియాలో లోవాస్ అనే సైకాలజిస్ట్ 1987లో ప్రచురించిన అధ్యయనం. వారానికి 40 గంటల థెరపీ అన్నది అందులోంచే వచ్చింది. మాట వినకపోతే గట్టిగా అరవడం, తొడ మీద చరవడం కూడా ఆ పద్ధతిలో ఉండేవి. ఆటిజంతో పెరిగి పెద్దవాళ్లయినవారు ఇప్పటికీ ఏబీఏ పేరెత్తితే కోపపడటానికి కారణాలున్నాయి. అందుకే తలుపు మూసే సెంటర్ ఎంత గొప్పదైనా నేను పంపను. వీడియో కాల్‌లో ఆ భయం లేదు. బాబును ముట్టుకునేది నేనే.

ఇంటికొచ్చే థెరపిస్ట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మంచివాళ్లు దొరికితే దాన్ని మించింది లేదు. హైదరాబాద్, విజయవాడల్లో దొరకొచ్చు. మా ఊరికి వచ్చిన అమ్మాయి నాలుగు నెలలకు పెళ్లయి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఎవరూ దొరకలేదు.

ఇక వీడియో కాల్. అప్పట్లో మా బాబు తల నేలకేసి కొట్టుకునేవాడు. థెరపిస్ట్ మేడమ్ మొదటి రెండు వారాలు ఏమీ మార్చమనలేదు. కొట్టుకునే ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మేమేం చేశాం, ఈ మూడే రాయమన్నారు, చిన్న వీడియోలు తీయమన్నారు. అవి చూసి, "అమ్మా, తల కొట్టుకున్న ప్రతిసారీ జేజి పరుగెత్తుకొచ్చి బిస్కెట్ ఇస్తోంది, గమనించారా?" అన్నారు. మా అత్తమ్మ తప్పేం లేదు, మనవడి తల పగులుతుంటే ఏ జేజి ఊరుకుంటుంది? కానీ మాట రాని పిల్లాడికి బిస్కెట్ అడిగే దారి అదే అయిపోయింది. సెంటర్‌లో జేజి లేదు, వంటింటి డబ్బా లేదు. అక్కడ ఎన్ని నెలలున్నా ఇది ఎవరి కంటా పడేది కాదు.

మేడమ్ చెప్పిన దారి ఇది: తల కొట్టుకోకముందే వాడి చెయ్యి పట్టుకుని బిస్కెట్ డబ్బా మీద తట్టించి, వెంటనే బిస్కెట్ ఇవ్వాలి. తల కొట్టుకుంటే బిస్కెట్ లేదు, తల కింద దిండు మాత్రం. మొదటి నాలుగు రోజులు ఇంకా ఎక్కువైంది. అలా అవుతుందని మేడమ్ ముందే చెప్పడం వల్ల తట్టుకున్నాం. రెండు నెలలకు దాదాపు ఆగిపోయింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ వాళ్లు 2016లో పీడియాట్రిక్స్ పత్రికలో 107 మంది చిన్నపిల్లల మీద ఇదే పోలిక ప్రచురించారు. కొందరికి థెరపిస్ట్ ఇంటికొచ్చారు, కొందరు దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లి అక్కడ వీడియోలో నేర్చుకున్నారు, కొందరు ఇంట్లోంచే. మూడింటిలోనూ కొట్టుకోవడం, కొరకడం లాంటివి సగటున 90 శాతానికి పైగా తగ్గాయి. ఖర్చు ఇంటి నుంచి వీడియోలో నేర్చుకున్నవారికే తక్కువ. అయితే వాళ్లు కొలిచింది ఇలాంటి ఇబ్బంది ప్రవర్తనలనే. మాటలు రావడం, బడిలో కుదురుకోవడం గురించి దీన్నిబట్టి చెప్పలేం.

కువైట్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా ఇదే దారి పట్టింది. అక్కడి సెంటర్‌లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, పాప రెండింటి మధ్య తికమక పడేది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి తెలుగులో సెషన్ నడుస్తోంది.

దీని బరువు కూడా చెప్పాలి. ఫీజు తగ్గుతుంది, పనంతా తల్లి మీద పడుతుంది. వంట, బట్టలు, మళ్లీ థెరపీ. మొదట్లో నేను కుంగిపోయాను. ఇప్పుడు ఆదివారం సెషన్ మా ఆయనది. సాయానికి ఇంకో మనిషి లేని ఇంట్లో, భార్యాభర్తలిద్దరూ పొద్దంతా ఉద్యోగాల్లో ఉండే ఇంట్లో దీన్ని నేను సిఫారసు చేయను. నెత్తురొచ్చేలా గాయం చేసుకునే పిల్లలకు, మింగడం కష్టమైన పిల్లలకు కూడా వద్దు. అక్కడ పక్కనే తెలిసిన మనిషి ఉండాలి.

మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. పిల్లాడు రైమ్స్ చూసే ఫోన్‌ను సెషన్‌కు వాడకండి, దానికోసమే ఏడుస్తాడు. వేరే ఫోన్ పైన అరలో పెట్టి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. థెరపిస్ట్‌ను ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. "మీరు బాబుకు చెప్తారా, నాకు నేర్పుతారా?" అనీ అడగండి. బాబుకే చెప్తామంటే ఆ డబ్బు దాచుకుని సెంటర్‌కు వెళ్లండి. పిల్లాడు ఏడ్చే వీడియోలు థెరపిస్ట్‌కు తప్ప ఎవరికీ, బంధువుల గ్రూప్‌కు అసలే పంపకండి.

ఆరేళ్లలోపు పిల్లాడు, చిన్న ఊరు, ఇంట్లో మరో పెద్ద దిక్కు ఉంటే నా ఓటు వీడియో కాల్‌కే. బడిలో వేసే ముందు తోటి పిల్లల మధ్య కూర్చోవడం అలవాటు కావాలి కాబట్టి, జూన్‌కు ముందు రెండు నెలలు మళ్లీ హైదరాబాద్ వెళ్తాం, ఈసారి తలుపు తెరిచి ఉంచే సెంటర్‌కు.

ఈలోగా జుట్టు కత్తిరింపు మీద పనిచేస్తున్నాం. మొదట ఆగి ఉన్న ట్రిమ్మర్‌ను చేతికిచ్చాం, తర్వాత పక్క గదిలో మోగించాం. నిన్న అది మోగుతున్నా చెవులు మూసుకోకుండా ఇటుకలు పేర్చుకుంటూ కూర్చున్నాడు. వచ్చే వారం అదే గదిలో, పది సెకన్లు.